దండెం ఎంత దిగింది

నాన్న నీళ్ళ అడుగున ఉన్నన్నాళ్ళే తనకు హాయిగా ఉండేదని ఆమె ఎవరితోనూ అనలేదు. ఆయన ఇంట్లో ఉంటే గిన్నె దించేచోట గుడ్డ పరవాలి, తలుపు రెండు చేతులతో మూయాలి. ఆయన పనిచేసే అణు జలాంతర్గామిలో చప్పుడు చేస్తే శత్రువుకు దొరికిపోయినట్టే. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. ఆయన అటు వెళ్ళగానే ఆమె రేడియో పెద్దగా పెట్టి, దండెం మీద ఓ కన్నేసి ఉంచేది.

ఆ నౌక సిబ్బందికిచ్చిన క్వార్టర్స్‌లో ఇంటింటా అంతే. నౌక లోతుకు దిగితే నీటి బరువుకు దాని ఉక్కు ఒళ్ళు కాస్త ముడుచుకుంటుంది. ఆ మేరకు ఇక్కడ గదులూ ఇరుకై, గోడకీ గోడకీ కట్టిన దండేలు వేలాడేవి.

"మీ దండెం ఎంత దిగిందే?" పక్కింటి పిన్ని ప్రహరీ మీంచి అడిగేది. నౌకలో వంటాయన భార్య ఆవిడ.

"జానెడు పిన్నీ."

"మాదీ జానెడే. మా ఆయన వంట తిని కూడా బతికున్నాడంటే మీ నాన్న గట్టివాడే."

ఏళ్ళు గడిచి నౌకలో ఇంధనం అడుగంటింది. మళ్ళీ నింపడం దండగన్నారు పైవాళ్ళు. ఇంజన్ గదిలో పనిచేసే నాన్ననీ దానితోపాటే ఇంటికి పంపేశారు. మిగతావాళ్ళు తలో ఊరికి వెళ్ళిపోయారు. యార్డులో నౌకని ముక్కలుగా కోస్తుంటే ఆయన రోజూ కంచె పట్టుకుని చూసి వచ్చేవాడు. రియాక్టరున్న నడుం ముక్కకి రెండువైపులా మూతలు వేసి, పాతిపెట్టడానికి తీసుకుపోయిన రోజు, వచ్చి మంచమెక్కాడు.

ఆ సాయంత్రం దండెం బెత్తెడు దిగింది. నౌక లేదు, నాన్న ఎదురుగానే ఉన్నాడు. అయినా దిగుతూనే పోయింది. ఆయన కంట పడకూడదని ఆమె రోజూ ముడి విప్పి బిగించేది. తెల్లారేసరికి చొక్కాలు నేలకి రాసుకునేవి. గోడలు దగ్గరై, మంచం అడ్డొచ్చి తలుపు సగమే తెరుచుకునేది.

"ఎందుకమ్మా ఆ బిగించడం?" ఓ పొద్దున కళ్ళు మూసుకునే అడిగాడు.

"గుడ్డలు మాస్తున్నాయి నాన్నా."

"వదిలెయ్. ఇంకెంతో లేదు."

"దేనికి?"

"అడుక్కి." ఊపిరంత మెల్లగా అన్నాడు. "ఎవరికీ చెప్పకు. నవ్వుతారు."

ఆమె చేతిలో ముడి అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఈ దండెం దిగితే సంతోషించింది తనే. ఈసారి ఆయన పైకి వచ్చేలా లేడు, లాగేందుకు తన ఒక్కదాని బలం చాలదు. వంట బాబాయి ఎప్పుడో దూరపు ఊరికి వెళ్ళిపోయాడు. కానీ నాన్నతో దిగిన ప్రతిసారీ నాన్నతోనే పైకి వచ్చిన మనిషి.

నవ్వితే నవ్వనీ అనుకుని, ఆమె ముడి వదిలేసి ఫోన్ అందుకుంది.