కాలు నెమ్మదించే పాట

హైదరాబాదుకు వచ్చి తొమ్మిదేళ్లయినా, ఇది నాది అని సురేంద్ర గట్టిగా చెప్పుకోగలిగినవి రెండే. ఒకటి, ప్రొద్దుటూరులో రెండో తరగతి నుంచి వెంట ఉన్న శివశంకర్. రెండోది, ఫేస్‌బుక్‌లో 'మాటవరసకి' అని తను నడుపుతున్న పేజీ. నల్లగండ్ల ఫ్లాటు బ్యాంకు వాళ్లది, ఉద్యోగం మేనేజరు దయ. పేజీ మాత్రం అచ్చంగా తనది. కొత్త సినిమా, కొత్త వీడియో గేమ్, వాటిలో సంగీతం, ఏదైనా సరే నాలుగు వాక్యాల్లో తేల్చి పారేస్తాడు. దాన్ని తొమ్మిది వేల మంది చదువుతారు.

అందులో ఒక మాటకు మాత్రం ఊరంతా తల ఊపింది. "మంచి పాటంటే ఈలలు వేయించేది కాదు. అది మొదలవగానే యాక్సిలరేటర్ మీద కాలు దానంతటదే నెమ్మదించాలి." ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా దాన్ని వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకున్నారు. ఆఫీసు లిఫ్టులో ఎవరో ఆ మాట పైకి చదువుతుంటే విని, ఏడో అంతస్తులో దిగాల్సిన సురేంద్ర పదో అంతస్తు దాకా పోయాడు. ఆ రోజంతా మనిషి నేలమీద లేడు.

ఆ సంబరం మీద నీళ్లు చల్లింది 'బెంచీ క్లాసు' అనే మరో పేజీ. దాన్ని చదివేవాళ్లు మూడొందల మంది కూడా ఉండరు. ఒకరోజు సురేంద్ర రాసిన దాని కింద ఎవరో, "ఇది బెంచీ క్లాసులో ముందే చదివాం కదా అన్నా" అన్నారు. వెళ్లి చూశాడు. "శత్రువు రాకముందే డప్పు మోగితే ఇంక ఆటలో భయం ఎక్కడిది?" అని తను గురువారం రాసిన మాట అక్కడ మంగళవారమే ఉంది. హీరో గొంతు విప్పకముందే పాట మొదలుపెట్టే దర్శకుల మీద తను వేసిన విసురు కూడా రెండు రోజుల ముందే ఉంది.

రాశాక ఎత్తుకుపోయే దొంగల్ని చూశాం గానీ, రాయకముందే ఎత్తుకుపోతున్నాడంటే వాడు నోటి దగ్గరే కాచుకుని ఉండాలి. తను నోరు విప్పేది ఎక్కడ? ఇంట్లో సినిమా మాటెత్తితే భార్య రమ్య కుక్కర్ చూడాలని లేచిపోతుంది. ఇక మిగిలింది ఆఫీసు క్యాబ్. పొద్దున ఎనిమిదికి ఎక్కేది ఇద్దరే, తనూ శంకరూ. డ్రైవరు తిరుపతి ఏదో పాట పెట్టి, దాని మీద ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాడు. సురేంద్ర ఫోన్ చూసుకుంటూ ఊఁ కొడతాడు. అంటే శంకరే! ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పని చేయలేదు కాబట్టి పట్టలేకపోయాడు, సురేంద్ర పడతాడు.

అనుమానం ఒకసారి దూరిందంటే ఇక అన్నీ సాక్ష్యాలే. శంకర్ నవ్వితే ఎగతాళి, నవ్వకపోతే తప్పు చేసిన భయం. ఫోన్ బోర్లా పెట్టాడా, ఏదో దాస్తున్నాడు. నెల రోజులు సురేంద్ర స్నేహితుణ్ణి ఓరకంట చూస్తూనే ప్రయాణం చేశాడు. ఆ పేజీని కిందిదాకా చదవాలని మాత్రం తోచలేదు. పైన కనిపించే నాలుగు చాలు, మనసు మండడానికి.

చివరికి వల పన్నాడు. ఒక సోమవారం క్యాబ్‌లో శంకర్ చెవిన పడేలా, తను నమ్మని మాట ఒకటి వదిలాడు.

"ఆ గుర్రం గేమ్ ఉంది చూడు, గుర్రం చచ్చిపోయేటప్పుడు అంతా సైలెంట్ చేసినారు. తప్పు రా అది. ఆడొక మంచి పాట పడాల."

"యామో లేప్పా," అన్నాడు శంకర్ ఆవలిస్తూ.

బుధవారం బెంచీ క్లాసులో కొత్త ముక్క పడింది. "గుర్రం చచ్చినచోట పాట ఉండాలట! చావు దగ్గర ఊరుకోవడమే సంగీతం."

సురేంద్రకు ఒళ్లు మండిపోయింది. దొంగిలించడమే కాక వెటకారం కూడానా! మధ్యాహ్నం క్యాంటీన్‌లో శంకర్ ప్లేటు పక్కన ఫోన్ పెట్టాడు.

"ఈ మాట నీకు తప్ప ఇంకెవురికీ చెప్పలే. నా మాటలు అమ్ముకోని బతికేదానికి సిగ్గు లేదేమిరా?"

శంకర్ ఆ పేజీ చదివాడు. చదివిందే మళ్లీ చదివాడు. అతని మొహంలో కోపం రాలేదు, అదే సురేంద్రకు ఇంకా అనుమానంగా తోచింది.

"సురేంద్రా, ఒకటి అడుగుతా. నువ్వు ఎప్పుడన్నా కారు తోలినావా?"

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఏం లేదులే," అని శంకర్ సగం తిన్న ప్లేటు తీసుకుని లేచిపోయాడు. మర్నాటి నుంచి తన బైకు మీద రావడం మొదలుపెట్టాడు.

క్యాబ్ వెనక సీటు ఒక్కసారిగా పెద్దదైపోయింది. గెలిచానని ఎంత చెప్పుకున్నా సురేంద్రకు లోపల ముల్లు గుచ్చుతూనే ఉంది.

"శంకర్ సార్ వస్తలేడేంది?" అన్నాడు తిరుపతి మూడో రోజు.

"పనుంది."

"మీ ఇద్దరి ముచ్చట్లు ఇంటుంటే నాకు మస్తు టైంపాస్ సార్. మొన్న మీరు గుర్రం సచ్చినకాడ పాట ఉండాలన్నరు సూడుర్రి, నాకైతే జర నచ్చలే. పార్కింగ్‌ల పొద్దంత ఉత్తగ కూసునుడే గదా, ఆ ఆట నేను గూడ ఆడిన. సావుకాడ పాటేంది సార్? ఊకుండాలె. మా కళ్యాణికి గదే చెప్పిన."

సురేంద్ర తలెత్తాడు. "కళ్యాణి ఎవురు?"

"నా బిడ్డ. నిజాంపేట హాస్టల్ల ఉండి చదువుతది. పొద్దుమూకి ఫోన్ చేస్తది, నేను చెప్త, అది మంచిగ చేసి రాస్తది. సూస్తరా?"

సిగ్నల్ పడింది. తిరుపతి మురిసిపోతూ ఫోన్ వెనక్కి అందించాడు. బెంచీ క్లాసు.

సురేంద్ర వేలితో పేజీని కిందికి, ఇంకా కిందికి జరిపాడు. అన్నిటికన్నా అడుగున మొదటి ముక్క ఉంది. "మా నాన్న క్యాబ్ నడుపుతారు. పాటల మీద, సినిమాల మీద ఆయన చెప్పే మాటలు నేను రాస్తాను." దాని పైన రెండోది, యాక్సిలరేటర్ మీద కాలు నెమ్మదించే పాట. సురేంద్ర దాన్ని తన పేజీలో పెట్టడానికి సరిగ్గా నెల ముందుది. సురేంద్రకు డ్రైవింగ్ రాదు. ఏ పాటకూ ఏ కాలూ నెమ్మదించిన అనుభవం అతనికి లేదు. ఊఁ కొడుతూ విన్న మాటలన్నీ కొన్నాళ్లకు తన బుర్రలో పుట్టినట్టే బయటికి వచ్చేవి. ఆ సంగతి శంకర్‌కు క్యాంటీన్‌లోనే అర్థమైందని కూడా ఇప్పుడు తెలిసింది.

"మీరు గూడ రాస్తరట గదా సార్, శంకర్ సార్ చెప్పిండు. మీది గూడ సూపియ్యుర్రి, మా బిడ్డ సదువుతది."

తిరుపతి చెయ్యి చాచి ఉంది. సురేంద్ర తన ఫోన్ తెరిచి, అతని మాటలు తీసేయాలని చూశాడు. ఏది అతనిది, ఏది తనది? ఎంత వెతికినా తేల్చుకోలేక ఫోన్ అలాగే ఇచ్చేశాడు.

అందరికీ నచ్చిన మాటే పైన పెట్టి ఉంది. తిరుపతి దాన్ని కూడబలుక్కుని పైకి చదివాడు. సగంలో గొంతు ఆగింది. మిగతాది లోపలే చదువుకుని ఫోన్ తిరిగి ఇచ్చాడు.

"మంచిగుంది సార్," అన్నాడు.

సురేంద్ర సాయంత్రం శంకర్‌కు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

మర్నాడు క్యాబ్‌లో పాట వచ్చింది. కొత్తది, నెమ్మదిగా మొదలై గుండెలో కూర్చునేది. తిరుపతి ఏమీ అనలేదు. అద్దంలోంచి ఒకసారి వెనక్కి చూశాడు. ఆ చూపు సురేంద్ర ఎరిగినదే, నెల రోజులు తను శంకర్‌ను చూసిన చూపు. నల్లగండ్ల దాటింది, గచ్చిబౌలి దాటింది. ఇక ఉండబట్టలేక సురేంద్రే అడిగాడు.

"పాట ఎట్లుందన్నా?"

"మీరే చెప్పాలె సార్," అన్నాడు తిరుపతి.