భద్రంగారి ఆల్బమ్

మా ఆయన్ని వీధిలో అందరూ భద్రంగారంటారు. అది పేరు కాదు. గొడుగు ఇచ్చినా, టీ గ్లాసు ఇచ్చినా "భద్రం" అంటారు కాబట్టి అలా స్థిరపడింది. తూనికలు, కొలతల ఆఫీసులో ముప్ఫై ఏళ్లు తనిఖీ పని చేశారు. రిటైరయ్యాక ఆయన తనిఖీకి మిగిలినవి నేనూ, ఏడు పాత బంగారు నాణేలూ. నాణేలు ఎప్పుడూ పాసయ్యేవి.

కొన్న రోజునే వాటిని మెత్తటి ప్లాస్టిక్ అరలున్న ఆల్బమ్‌లో పెట్టారు. ఆల్బమ్ బీరువాలో, దాని మీద తువ్వాలు. నెలకోసారి తీసి, ప్లాస్టిక్ పైనుంచే చూసి, మళ్లీ పెట్టేసేవారు. ఏళ్లు గడిచేకొద్దీ నాణేల మీదికి సన్నగా పచ్చటి ఛాయ దిగింది. అది వయసు తెచ్చిన నిగారింపు అనేవారు. వయసు నాకు అలాంటిదేమీ తేలేదు కాబట్టి కాదనడానికి నా దగ్గర ఆధారం లేకపోయింది.

మోకాలి ఆపరేషన్‌కి ఆయన పక్క ఊరి ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. తర్వాత మూడు వారాలు అక్కడే వాళ్ల చెల్లెలి ఇంట్లో. ఆ ఇంట్లో ఖాళీ మంచం ఒక్కటే, అందుకని నేనిక్కడే. ఎవరైనా సంచి సర్దుకుంటే ఇక వెనక్కి రారనిపిస్తుంది నాకు. మా అక్క రెండు రోజుల్లో వస్తానని రెండు చీరలు పట్టుకుని వెళ్లింది. చీరలే తిరిగొచ్చాయి.

"మోకాలికే కదే, మెడకి కాదుగా," అన్నారాయన కారెక్కుతూ. ఆల్బమ్ జోలికి పోవద్దని కూడా చెప్పారు.

ఏమీ తోచక ఆయన నాణేల పత్రికలు మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టాను. ఆయన వాటిలో బొమ్మలే చూసేవారు. నాలుగో రోజు విషయం దొరికింది. మెత్తటి ప్లాస్టిక్‌లో కలిపే మందు ఏళ్ల తరబడి బయటికి ఊరుతూ, నాణేనికి పచ్చటి జిగురులా పడుతుందట. ఊరుకుంటే బంగారంలో కలిపిన రాగిని తినేస్తుందట. కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే ఆ ప్లాస్టిక్కేనని గుర్తు కూడా రాశారు. బీరువా తీసి ఆల్బమ్ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. రెయిన్‌కోటే.

ఫోన్‌లో చెబుదామంటే కుట్లతో ఉన్న మనిషి. వచ్చాక చెబుదామంటే, ఒకవేళ... ఆ "ఒకవేళ" నాకు రోజుకు నలభై సార్లు వస్తుంది. ఆగలేక నాణేల దుకాణానికి వెళ్లాను.

దుకాణాయన అంతా విని, "పిన్నిగారూ, గుడ్డతో తుడిచారా?" అన్నాడు.

లేదన్నాను.

"అయితే ఇంకా బతికే ఉన్నాయి."

రుద్దితే గీతలు పడతాయనీ, గీత పడ్డ నాణేన్ని సేకరించేవాళ్లు కన్నెత్తి చూడరనీ చెప్పాడు. జిగురు కరిగించే స్వచ్ఛమైన అసిటోన్ సీసా, గట్టి ప్లాస్టిక్ డబ్బీలు ఏడు ఇచ్చాడు. కిటికీలు తెరవాలి, పొయ్యి దగ్గర వద్దు, గాజు గిన్నెలో ముంచాలి, అంచు పట్టుకునే తీయాలి, గాలికే ఆరాలి. గోళ్లరంగు తుడిచే సీసాతో పని కానివ్వొద్దని రెండుసార్లు చెప్పాడు. నా గోళ్లు చూశాక మూడోసారి చెప్పలేదు.

ఆరు ముంచాను. పచ్చదనం వదిలిపోయి, నాణేల మీది రాజుగారి గడ్డంలో వెంట్రుకలు లెక్కపెట్టేలా తేలాయి. ఏడోది ముంచలేదు. ఏదైనా తేడా వస్తే ఆయనకి పాతది ఒక్కటైనా ఉండాలి.

ఆయన చేతికర్రతో తిరిగొచ్చారు. కూర్చోకుండానే బీరువా తెరిచి, డబ్బీలు ఒక్కొక్కటే వెలుతురులో తిప్పి చూశారు.

"ఇవి నావి కావు."

జరిగింది చెప్పాను. తలకెక్కలేదు. తన నాణేలకి నిగారింపు ఉండేదనీ, ఇవి నిన్న అచ్చేసినట్టున్నాయనీ, ఎవడో నన్ను బుట్టలో వేసి మార్చేశాడనీ అన్నారు. విప్పని సంచి పక్కనే ఉంది. చెల్లెలికి ఫోన్ చేసి, మళ్లీ వచ్చేస్తున్నాను, ఇక అక్కడే ఉంటానన్నారు.

లోపలికి వెళ్లి, ఆయన చిన్న త్రాసు, కొన్న రోజే ఒక్కో నాణెం బరువు రాసుకున్న పుస్తకం తెచ్చి ముందు పెట్టాను.

"ముప్ఫై ఏళ్లూ కళ్లతోనే తూచారా?"

ఎన్నో చేతులు మారి అరిగిన నాణేలు, దేని బరువు దానిదే. మిల్లీగ్రాముల దాకా ఆరూ రాసినట్టే తూగాయి. ఆల్బమ్‌లోని ఏడోదాన్ని తీసి రెండుసార్లు తూచారు.

"మూడు మిల్లీగ్రాములు ఎక్కువ. జిగురు బరువు."

తప్పుడు రాళ్లు పెట్టిన కొట్టువాణ్ణి పట్టుకున్న రోజు ఇంటికొచ్చే ముఖమే పెట్టారు. కాకపోతే ఈసారి కొట్టు ఆయనదే.

ఫోన్ చేసి రావడం లేదన్నారు. కారణం అడిగితే, తూకం సరిపోయిందన్నారు. కాలు బల్ల మీద చాపుకుని గిన్నె తెమ్మన్నారు. ఏడోదాన్ని ఆయనే ముంచారు. జిగురు పోయాక రాజుగారి చెవి కింద ఆవగింజలో సగమంత గుంట కనబడింది.

"ఇది పోదా?"

"పోదు. జిగురు తినేసిన చోటు అది."

ఆరాక డబ్బీలో పెట్టి మూత నొక్కారు.

"భద్రంగా పెట్టి ఇంకా ఏమేం పాడుచేశానే ఇంట్లో?"

"చాలా ఉన్నాయి. రోజుకొకటి చెప్తాను."

అయితే చాన్నాళ్లే పడుతుందన్నారు. పడుతుందన్నాను.