తాగుబోతు పలకలు

లక్ష్మీనరసయ్యకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు మాత్రం నెత్తికెక్కింది. ఎక్కదూ మరి! మార్కాపురంలో ఆయన పలకల కార్ఖానా మళ్లీ తెరుచుకోవాలంటే ఆ ఆరు నల్ల బిళ్లలూ పాసవ్వాలి. పలకలు ఏరే కాశమ్మేమో వాటిని తొట్టి నీళ్లలో ముంచి, వరసగా ఆరబెట్టుకుని కూర్చుంది.

అవి రాతివి కావు, గ్రాఫైటువి. సూర్యుడిలో మండే మంటను యంత్రంలో పుట్టించాలని చూసే ఒక ల్యాబులో, ఆ యంత్రం లోపలి గోడలకు తొడిగేవి. పొదిలి నుంచి వెళ్లి అక్కడ ఇంజనీరైన నిత్యానందం, దూరపు చుట్టరికం కొద్దీ ముడిసరుకు పంపి, ముందు ఆరు కోసి చూపించమన్నాడు. పిల్లలు పలకలు వదిలేశాక రంపాలు తుప్పు పట్టిన కార్ఖానాకు అంతకన్నా ఏం కావాలి?

"మామా, పొడిగానే కొయ్యాల. గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. నీళ్లు చూపియ్యనే వద్దు" అని నిత్యానందం పదిసార్లు చెప్పాడు. లక్ష్మీనరసయ్య ఆ మాట అందరికీ చెప్పాడు, కాశమ్మకు తప్ప. నలభై ఏళ్లుగా పలకలు ఏరుతున్న మనిషికి కొత్తగా చెప్పేదేముందిలే అనుకున్నాడు.

ఆమె ఏరడమంటేనే తడపడం. నీళ్లు తాగే రాయి తొందరగా పొరలు లేస్తుంది. అందుకే తడిపి, ఏది ఎంతసేపటికి ఆరుతుందో చూసి, తాగేదాన్ని పక్కన పడేస్తుంది.

"ఎంత పని చేసినావు అవ్వా! కొంప ముంచినావు గదా!"

"రాయి చేతికిస్తే తడిపి చూడకుండా ఎట్ల శెట్టీ? ఈ నాలుగూ మంచియ్యి. ఈ రెండూ తాగుబోతులు" అంటూ కాశమ్మ ఆ రెంటికీ ఓ మూల మేకుతో గీత గీసేసింది.

"రేపటి నుంచి నువ్వు రావొద్దు!" అని పనివాళ్లందరి ముందూ అరిచాడు శెట్టి. ఆమె చెంగు దులుపుకుని వెళ్లిపోయింది. మళ్లీ కోద్దామంటే ముడిసరుకు లేదు. చేసేది లేక, బజ్జీలు తింటూనే వాటిని తన చేత్తోనే పెట్టెలో సర్ది పంపించాడు.

ఎనిమిదో రోజు ఫోనొచ్చింది.

"మామా, నిజం చెప్పు. నీళ్లు తగిలినాయా?"

"చెన్నకేశవస్వామి మీద ఒట్టు..."

"ఒట్లు పెట్టబాక. గ్రాఫైటు ఏది తాగినా లోపల దాచుకుంటాది. గాలి తీసేసి కాలిస్తే అంతా కక్కుతాది. ఇప్పుడు నీళ్లు కక్కింది. నూనె గూడా కక్కింది. నూనె ఎక్కడిది మామా?"

లక్ష్మీనరసయ్య తన వేళ్ల వంక చూసుకున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టయింది.

"మా యంత్రంలోనూ ఇదే తంటా. మంటకని పోసిన గ్యాసును గోడ మింగేస్తాది. తీరా మంట పుట్టినాక, వద్దన్నప్పుడు వదుల్తాది. మంట చల్లారిపోతాది. సరేగానీ, ఆ రెంటికి గీతలు పెట్టిందెవురు?"

"మా కాశమ్మవ్వ. తప్పయిపోయింది అల్లుడా!"

"తప్పేంది మామా! తక్కినవాటి కన్నా ఆ రెండే మూడింతలు కక్కినాయి. అది కనుక్కునేదానికి మాకు వారం పట్టింది. నీళ్లయితే మేం కాల్చి పోగొడతాం. ఏరేది ఆ అవ్వే అయితే ఆర్డరు నీదే. ఆమె లేకుంటే లేదు."

శెట్టి చెప్పులు కూడా మరిచి కాశమ్మ ఇంటికి పరుగెత్తాడు.

"తప్పు నాదే అవ్వా, పనికి రా" అన్నాడు రొప్పుతూ.

"ఇక్కడ చెప్తే ఎట్ల? తిట్టింది పది మంది ముందర గదా" అంది కాశమ్మ, చేటలో మిరపకాయల తొడిమలు తీస్తూ.

మర్నాడు కార్ఖానాలో పనివాళ్లంతా చుట్టూ చేరారు. లక్ష్మీనరసయ్యకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అయినా చేతులు కట్టుకుని చెప్పాడు. "నీళ్లు అవ్వ ముంచింది. నూనె నేను పూసినా. అవ్వ నీళ్లకు ఆర్డరొచ్చింది. నా నూనెకు చీవాట్లొచ్చినాయి."

అందరూ గొల్లుమన్నారు. కాశమ్మ మాత్రం నవ్వలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది.

"ఈ మధ్య సరిగ్గా ఇనపడ్డంలా శెట్టీ. ఇంకోసారి చెప్పు."