గొంతు బంద్ చేసి చూస్తే

పదికి ఒకటి.

కట్టయ్యకు వచ్చిన మార్కులు అవి. పంచాయతీ ఆఫీసుల కూసున్న ఇరవై మందిల అందరికన్న తక్కువ. హన్మకొండ నుంచి ఒక సంస్థ తరఫున ప్రీతి అనే పిల్ల వచ్చింది. ఫోన్ల వచ్చేదాంట్ల నిజమేదో అబద్ధమేదో పెద్దోళ్లకు ఎంతమట్టుకు తెలుస్తదో చూస్తానని పది వీడియోలు గోడ మీద వేసి చూపించింది. నిజమైతే చెయ్యి లేపాలె, అబద్ధమైతే దించాలె. కట్టయ్య పదింటికీ చెయ్యి లేపిండు. అండ్ల నిజమైంది ఒక్కటే.

"ఒక్కసారన్న దించకపోతివి," అని భార్య కట్టమ్మ మూతి తిప్పింది. "ఇంట్ల నేను జెప్తే మాత్రం ఒక్కటి నమ్మడు."

అందరు నవ్విండ్రు. కట్టయ్య దినానికి పది మాటలు మాట్లాడితే అండ్ల ఆరు ఎడ్లతోటే.

"ఇది మీకు పెట్టిన పరీక్ష గాదు బాపు," అన్నది ప్రీతి. "నేను ఏం నేర్పాలెనో నాకు తెలిసేటందుకు."

కట్టయ్య పాణం మార్కుల మీద లేదు, చేను మీద ఉన్నది. రెండెకరాల మిరప. పూతల నల్ల తామర పురుగు జొచ్చింది. పూసింది పూసినట్టే రాలుతాంది. ఏడు మందులు కొట్టిండు, పురుగు చావలే. ఈ పంట పోతే ఈ యేడు ఇంకో పంట లేదు.

నాలుగొద్దుల కింద ఫోన్ల ఒక వీడియో వచ్చింది. బట్టల సోడా, ఉప్పు, కిరోసిన్ కలిపి కొడితే మూడొద్దులల్ల పురుగు మాయమైతదని, చెట్టు నిండ పూత వస్తదని ఒకాయన గట్టిగ చెప్తాండు. ఆ గొంతుల అనుమానమే లేదు. ఎడ్లకు మేత వేసుకుంట, బీడీ తాగుకుంట కట్టయ్య అది పదిసార్లు విన్నడు. సామానంత తెచ్చి పెట్టుకున్నడు. రేపు పొద్దుగాల కొట్టుడే.

తనొక్కడు బాగుపడుడు ఎందుకని ఆ దినమే మిరప రైతుల గ్రూపుల గూడ వేసిండు. నూట నలభై మంది ఉన్న గ్రూపు. అండ్ల ఆయన వేసిన మొట్టమొదటి సంగతి అదే. కట్టయ్య ఊకెనే ఏదీ చెప్పడు, చెప్పిండంటే ఉంటదని అందరు బొటనవేలు బొమ్మలు పెట్టిండ్రు.

ప్రీతి చెప్పుకుంట వస్తాంది. చెప్పినోడు ఎవలు, పేరున్నదా, ఊరున్నదా చూడాలె. ఎప్పటిదో చూడాలె. "ఇంకోటి. మొదలు వీడియో గొంతు బంద్ చేసి చూడుండ్రి. మాట మంచిగుంటె కన్ను పనిచెయ్యదు."

కట్టమ్మ లేచి నిలవడ్డది. "గట్లయితె మా ఆయన ఫోన్ల ఒకటున్నది బిడ్డా. రేపు అది జూసే చేనుకు మందు కొడ్తాండు. నిజమో కాదో జెప్పు."

కట్టయ్య ఫోన్ తియ్యలే. కట్టమ్మనే ఆయన జేబులకెళ్లి గుంజి ఇచ్చింది.

ప్రీతి చూసి తల అడ్డంగ ఊపింది. "నాకు మిరప తెల్వదమ్మా. మా ఇంట్ల కుండీల గూడ మిరపచెట్టు లేదు. ఇది బాపే చూడాలె." గొంతు బంద్ చేసి ఫోన్ ఆయన చేతికిచ్చింది. యాడ ఆపాలెనో, ఎట్ల ఎనుకకు జరపాలెనో వేలితోటి చూపించింది.

మార్కెట్ల కాయ కొనెటోడు బస్త మూతికాడ చూసి కొనడు. అడుగుదాక చెయ్యి జొనిపి పిడికెడు తీస్తడు. మీద ఎప్పుడు మంచి కాయనే ఉంటది. ముప్పై ఏండ్ల సంది బస్తాలు తోలే కట్టయ్యకు ఇది ఎరుకే. వీడియోకు గూడ అడుగుంటదని ఎరుక లేదు.

ఆపిండు. ఎనుకకు జరిపిండు. మందు కొట్టక ముందరి చేను చూసిండు, కొట్టినంక చేను చూసిండు. మళ్ల ముందరిది.

"నడుమెత్తు," అన్నడు.

"ఏంది బాపు?"

"ముందుగాల చెట్టు నడుమెత్తు ఉన్నది. మూడొద్దులైనంక మోకాలెత్తు ఉన్నది." ఫోన్ ఇంక దగ్గరికి పెట్టుకున్నడు. "భూమి గూడ. ముందుగాల నల్లరేగడి. ఎనుక ఎర్రచెల్క."

"చెట్టు మూడొద్దులల్ల పడుచుదైందా?" అన్నది కట్టమ్మ. "గా మందు చేనుకెందుకయ్యా, ముందుగాల నీ మీద కొడ్త!"

బెంచీలు కదిలేటట్టు నవ్విండ్రు. ప్రీతి చున్నీ మూతికి అడ్డం పెట్టుకున్నది. కట్టయ్య నవ్వలేదు.

"నాలుగొద్దుల కిందనే గ్రూపుల వేసిన," అన్నడు. "తీసెయ్యస్తదా?"

"నాలుగొద్దులైంది గదా, ఇగ అందరి ఫోన్లకెళ్లి పోదు బాపు. మీరే చెప్పాలె. మీ పేరుతోటి, మీ గొంతుతోటి."

కట్టయ్య బయటికి పోయి అరుగు మీద కూసున్నడు. గ్రూపుకు గొంతు పంపెటందుకు ఫోన్ల మైకు బొమ్మ రెండుసార్లు ఒత్తిండు, ఉత్త ఊపిరే పోయింది. మూడోసారి మాట వచ్చింది.

"నేను కట్టయ్యను. సోడా మందు వీడియో నేనే వేసిన. అది అబద్ధం. రెండు వేరే చేన్లు చూపి ఒకటే అన్నడు. చెట్టు ఎత్తు చూడుండ్రి, భూమి చూడుండ్రి. ఎవలు కొట్టకుండ్రి. చూడక వేసిన, తప్పు నాదే."

జరసేపటికే ఫోన్ మోగింది. పక్క ఊర్ల ఉండే బావమరిది వెంకటేశ్వర్లు.

"బావా, నిన్న ఎనిమిది సాళ్లు కొట్టిన."

"ఎట్లున్నది?"

"ఆకు కొసలు మాడినయ్. మందు పని చేస్తాంది గావచ్చనుకున్న. మిగిలిన చేనుకు కొడ్దామని ఇప్పుడే పంపు భుజాన ఏసుకున్న."

"దించు."

"దించిన." పంపు కింద పెట్టిన సప్పుడైంది. "నీ మీద నమ్మకంతోనే కొట్టిన బావా. వీడియోల చెప్పినోడు ఎవడో నాకేమెరుక?"

కట్టయ్య అరుగు మీదికెళ్లి లేచిండు. "నీళ్లు పట్టి పెట్టు," అన్నడు. "ఆ ఎనిమిది సాళ్లు నేనొచ్చి కడుగుత. వస్తాన."

కట్టమ్మ అప్పటికే ఆఫీసు వాకిట్ల నిలవడి అంత విన్నది. ఇద్దరు ఇంటికి పోయి ఉత్త పంపు బండికి కట్టిండ్రు. కట్టమ్మ ఎనుక కూసున్నది. బండి కదిలినంక అడిగింది.

"తెచ్చిన సోడా ఏం జేద్దాం?"

"బట్టలు పిండు."