రెండు ఎరుపులు

వరస నంబర్లు ఎవురడిగినారు ఎస్తేరూ, అనేసినాడు ఆ పొద్దు దుర్గాప్రసాద్ సార్, మా హిందూపురం ఆఫీసులో టీ తాగతా, ఈ పొద్దు ధర్మవరం బస్సులో కూర్చున్న నాకు ఆ మాటకి ఇంకా ఒళ్లు మండుతాండాది, డేటాబేసులో ఒకే గడిలో జాబితాగా ఉన్నవాటిని విడదీసి ఒక్కోటి ఒక్కో లైనుగా పరిచే ఆదేశం, అది ఎట్ల రాయాలో తేల్చేది నా పని, ప్రతి లైను పక్కన ఒకటి, రెండు, మూడు అని నంబరు దానంతటదే రావాల సార్ అన్నా, వద్దు, కావాల్సినోళ్లు ఆదేశంలో ‘వరసతో’ అని రాసి తెచ్చుకుంటారు అన్నాడు, నేను తలూపినా, ఎందుకు ఊపినా, సోమందేపల్లి దాటింది, కిటికీ నిండా దుమ్ము, మా ఆదేశం వాడి ధర్మవరం మగ్గాలకిచ్చే రంగుల కాగితం తయారుచేసిన మహేష్ వరస అడగలేదు, అడగాలని వానికి తెలీదు, పరీక్షలో రంగులు సరిగ్గానే వచ్చినాయి కదక్కా అంటాడు, నంబరు లేకుంటే కంప్యూటరు ఒక్కోసారి ఒక్కో వరసలో ఇస్తాది, పసుపు, ఎరుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ అని ఉండాల్సిన చీర కొంగు ఆకుపచ్చ, ఎరుపు, ఎరుపు, నీలం, పసుపు అయింది, అక్షరాల వరస, బడిపిల్లోల హాజరుపట్టీ మాదిరి, పెనుకొండలో కండక్టరు టికెట్ అన్నాడు, తీసుకున్నా అని అరిచినా, పాపం ఆయనేం చేసినాడు.

ధర్మవరంలో ఆ కాగితం ప్రకారం నేసిన ఎల్లప్ప నా మీద అరిచింటే బాగుండు, నాలుగు దినాలు నేసిన కొంగు నా ముందర పరిచినాడు, ఆయన భార్య సిద్ధమ్మ పోగులు ఒక్కోటే పీకుతాండాది, నీకు చదువొస్తే కదా కాగితం సరిగ్గా చదివేకి అన్నాడంట పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు, ముప్పై ఏండ్లు నేసిన మనిషిని, అన్నా, మీకు అనుమానం రాలేదా అని అడిగితే, వచ్చెమ్మా, రెండు ఎరుపులు పక్కపక్కన యాడన్నా పెడతారా అనుకుంటి, కంప్యూటరు చెప్పినాక నేనేం మాట్లాడేది, అన్నాడు.

షావుకారు ఇంటికి పోయి తప్పు మాది, ఈయనది కాదు అని గట్టిగా చెప్పినా, ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోంచి సారుకి ఫోను చేసినా, నంబరు అందరికీ వస్తాది సార్, వద్దనేటోళ్లే రాసి చెప్పాల, ఒప్పుకోకుంటే ఈ పని నేను చెయ్యను అని ఫోను పెట్టేసినా, ఆదేశం రాసేది ఒకరు, దాన్ని నమ్మి నేసేది ఇంకొకరు, అడిగేకి కూడా అవకాశం లేనోళ్లకే మనం వరస అడిగితే ఇస్తామని పెట్టినాము.