సీతమ్మ ఊపిరి

ఊపిరి ఒక్కటీ ఎందుకు ఉంచినట్టు, దాన్నీ కోసేస్తే ఏ బాధా ఉండేది కాదు కదా, గుడివాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుంది కల్పన, చెవిలో తన గొంతే, బందరు ప్రభుత్వ రేడియోలో పొలం కబుర్లు, పొద్దున తను రికార్డింగులు కోసి కూర్చిపెట్టిందే, నమస్కారమండీ అంటోంది ఆ గొంతు, ఎంత చల్లగా అంటోంది, ఊరందరినీ పలకరించే ఈ గొంతుని ఇంటికెళ్తే అన్నం తిన్నావా అని అడిగే దిక్కు లేదు, ఇదిగో సీతమ్మ గారు వచ్చేశారు, దివిసీమలో నాగాయలంక అవతల కౌలు చేస్తారు, వరికి ఆకుమడి పోశామండీ, మొలక బాగానే వచ్చిందండీ, అని ఒక్క ఊపిరి పీల్చారు, అంతే, పాట.

ఆ ఊపిరి తర్వాతి మాట కల్పన సంచీలో ఉంది, రికార్డరులో, కాలవ శివారుకి నీళ్ళొచ్చేశాయని రేడియోలో మీరే చదివారు కదండీ, అది నమ్మే ఆకుమడి పోశాం, చుక్క రాలేదండీ, మొత్తం ఎండిపోయింది, నిజమే, చదివింది తనే, పైనుంచి వచ్చిన కాగితం వచ్చినట్టే చదివింది, చదవడానికేం, నోరుంటే చాలు, పెడన దాటింది బస్సు, ఇక్కడ కాలవ నిండుగానే ఉంది, శివారుదాకా వెళ్ళి చూసేదెవరు, ఆ మాట కొయ్యమన్నది సుందరరాజు గారే కదా, రేడియో స్టేషనుకి పెద్దాయన, కాదు, ఆయన గుమ్మంలో నిలబడి, మన స్టేషను కొత్త గ్రాంటు ఫైలు ఇంకా పైవాళ్ళ దగ్గరే ఉందమ్మా కల్పనా, కాస్త చూసుకో, అని టీ గ్లాసుతో వెళ్ళిపోయారు, రికార్డింగు వినను కూడా లేదు, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చూసుకో అన్న మాటకి కోసెయ్ అని అర్థం చెప్పుకున్నది తనే, పైగా ఎంత శుభ్రంగా కోసింది, ఎండిపోయిన మడి మొలక దగ్గరే ఆగిపోయింది, వినేవాళ్ళకి అంతా పచ్చగానే ఉంటుంది, సిగ్గేసింది కల్పనకి.

పాట మధ్యలో తెగి ఫోను మోగింది, సీతమ్మ గారే, ఎత్తక తప్పదు, విన్నానమ్మా, మా పేటంతా కూర్చుని విన్నాం, రెండో మాట రాలేదేంటండీ, టైము చాల్లేదేమోలెండి, అవునండీ టైము, అంది కల్పన, తిట్టినా బాగుండేది, పోన్లెండి, ఇంకోమాట అడుగుతాను చెప్పండి, మళ్ళీ నీళ్ళొదిలారంటున్నారు మీ రేడియోలో, అప్పు చేసి విత్తనాలు తెమ్మంటున్నాడు మా ఆయన, అని ఆగి ఊపిరి పీల్చారు, అదే ఊపిరి, ఈసారి పాట రాలేదు, పొయ్యమంటారా వద్దంటారా, రేడియోలో చెప్పేది కాదండీ, మీరుగా చెప్పండి.

తనుగా, అంటే ఎలా, తనుగా మాట్లాడి ఎన్నాళ్ళయింది, వద్దండీ, పొయ్యకండి, నీళ్ళు కళ్ళబడేదాకా పొయ్యకండి, అనేసింది, అవతల సీతమ్మ గారు హమ్మయ్య అని ఫోను పెట్టేశారు, హమ్మయ్య ఒక్క ఇంటికే, పొలం కబుర్లు విని ఇవాళ ఇంకెందరు విత్తనాలు నానబోస్తారో వాళ్ళ నంబర్లు తన దగ్గర లేవు, వాళ్ళకి చెప్పడానికి ఉన్నది ఆ రేడియో ఒక్కటే, గ్రాంటుదేముంది, ఇవాళ కాకపోతే రేపొస్తుంది, సీతమ్మ గారు మాత్రం ఇక రేడియో మాట నమ్మరు, ఆ నమ్మకాన్ని కొయ్యమని ఎవ్వరూ అనలేదు, తనే కోసింది.