వెనక సీటు మేడమ్

ఊళ్ళో సగం మందికి బండి నడపడం నేర్పింది ఆమే. డ్రైవింగ్ స్కూల్లో అందరూ మేడమ్ అంటారు. ఎంత భయస్థుడికైనా ఆమె పక్కన కూర్చుంటే చేతులు కుదుటపడతాయని పేరు. ఆ పేరు ఒక్క మొగుడి విషయంలోనే అక్కరకు రాలేదు.

అతనికి స్టీరింగ్ అంటే చచ్చేంత భయం. లైసెన్సు ఉంది, ధైర్యం లేదు. పెళ్ళాం దగ్గర ఆ సంగతి దాచుకోడు కూడా. ఆమె నడుపుతుంటే పక్క సీట్లో కాళ్ళు చాపుకుని పాటలు పెట్టుకుంటాడు. మంచివాడే. చిక్కల్లా మామగారితో. కోడలు నడుపుతుంటే కొడుకు పక్కన బొమ్మలా కూర్చుంటే నలుగురూ నవ్వరా అని ఆయన ఒకసారి భోజనాల దగ్గర అన్నారు. అన్నది ఆ ఒక్కసారే. అప్పటినుంచీ ఆయన వీధి మలుపు రాగానే బండి ఆగుతుంది, ఇద్దరూ దిగి సీట్లు మార్చుకుంటారు. అక్కణ్ణుంచి అతను మొదటి గేరులో నత్తనడకన పోనిచ్చి గేటు ముందు ఆపుతాడు. కొడుకు ఎంత నిదానస్థుడో అని మామగారికి మహా మురిపెం. మొదట్లో ఆమెకీ అదంతా తమాషాగానే ఉండేది.

ఆ ఆదివారం వాళ్ళు అక్కడ ఉండగానే అత్తగారు స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి దగ్గర చెయ్యి పెట్టనివ్వడం లేదు. అంబులెన్సు ఇప్పట్లో రాదన్నారు. తండ్రీ కొడుకులు ఆవిడని ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టారు. తాళాలు ఆమె దగ్గరే ఉన్నాయి. ముందు తలుపు తీసింది.

"నువ్వు వెనక కూర్చో అమ్మాయ్," అన్నారు మామగారు. "వాడు నడుపుతాడు."

ఆమె భర్త వైపు చూసింది. నాకు చేతకాదు నాన్నా అంటే చాలు. ఆయన మహా అయితే ఓ పూట మొహం ముడుచుకుంటారు. లోపల అత్తగారు పళ్ళ బిగువున మూలుగుతున్నారు.

"నేను నడుపుతాను మామయ్యా," అంది గట్టిగానే. "కుదుపుల్లేకుండా తీసుకెళ్తాను."

భర్త మొహం పాలిపోయింది. చెయ్యి మాత్రం తాళాల కోసం చాచాడు. "నీకెందుకు? నువ్వు అమ్మని పట్టుకో," అన్నాడు. ఇంట్లో ఆమె ఎన్నడూ వినని గొంతు అది, అచ్చం మామగారిదే.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కానీ వాదనకి దిగితే నొప్పి భరించాల్సింది అత్తగారు. తాళాలిచ్చేసి వెనక ఎక్కి, ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుంది. మామగారు ముందు కొడుకు పక్కన కూర్చున్నారు.

సందు దాటకముందే బండి రెండుసార్లు ఆగిపోయింది. వెనక హారన్ల గోల. ప్రతి కుదుపుకీ అత్తగారి గోళ్ళు ఆమె మణికట్టులో దిగుతున్నాయి. స్కూలు బండిలో ఆమె కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. కాలు అలవాటుకొద్దీ దాన్ని వెతుక్కుంది. ఇక్కడేముంది, కాళ్ళ కింద ఉత్త రబ్బరు పట్టా. ఏం చెయ్యాలో తోచక అత్తగారి నుదురు నిమరడం మొదలుపెట్టింది.

"కంగారు పడకండి అత్తయ్యా. కాలు మెల్లిగా వదలండి. ఆఁ, అలాగే, ఇంకొంచెం. తొందరేం లేదు, ఆ లారీ పోయాకే వెళ్దాం."

స్టీరింగ్ ముందు బిగుసుకున్న భర్త భుజాలు కాస్త దిగాయి. బండి నెమ్మదిగా కదిలింది. అత్తగారు కళ్ళు తెరిచి కోడలి మొహంలోకి చూశారు. ఆవిడకి అర్థమైపోయింది. పెద్ద రోడ్డు రాగానే, అంత నొప్పిలోనూ, "ఇప్పుడు కాలెలా పెట్టమంటావమ్మా?" అని కొడుకు తరఫున తనే అడిగారు. దారంతా అలాగే సాగింది.

ఎముక విరిగింది, ఆపరేషన్ చెయ్యాలన్నాడు డాక్టరు. బయట బెంచీ మీద మామగారు కొడుకు వీపు తట్టి, కష్టకాలంలో మగపిల్లాడు ఉండాల్సింది ఇందుకే అన్నారు. తర్వాత కోడలి వైపు తిరిగి ఎంతో ప్రేమగా చెప్పారు.

"కానీ అమ్మాయ్, బండి నడిపేవాడి వెనక కూర్చుని అలా వాగుతూ ఉండకూడదు. చెయ్యి తడబడుతుంది."

"సరే మామయ్యా," అంది. భర్త తన చెప్పులు చూసుకుంటున్నాడు.

అత్తగారికి దుప్పట్లూ బట్టలూ తేవాలి. మామగారిని అక్కడే ఉంచి ఇద్దరూ బండి దాకా నడిచారు. ఇంక తన వల్ల కాదన్నాడతను, నువ్వు నడుపు అన్నాడు. ఆమెకి జాలేసింది, జాలేసినందుకు కోపమొచ్చింది. ఆ తాళాలు లాక్కుని అతని మొహాన కొట్టి నడిచిపోవాలనిపించింది. తాళాలు ఇవ్వబోతూ అతను ఒకసారి ఆస్పత్రి తలుపు వైపు చూశాడు. తీసుకోబోతూ ఆమె కూడా చూసింది.